పెళ్లి కేకు: కావలి ఎండ, జువ్వలదిన్నె గాలి

పెళ్లి కేకు ఆర్డరు ఇవ్వడానికి బేకరీకి వెళితే ముందు ఫోన్లో ఫొటోలు చూపిస్తారు. ఆ తర్వాత వరసగా ప్రశ్నలు వేస్తారు. ఏ ఫ్లేవరు, ఎన్ని కిలోలు, ఎన్ని స్టెప్పులు, గుడ్డు ఉండొచ్చా, పైన పేర్లు ఎలా రాయాలి? ఇవన్నీ అడగాల్సినవే. అయితే కేకు నిలుస్తుందో లేదో తేల్చే ప్రశ్నలు వేరే మూడు ఉన్నాయి. పెళ్లి ఏ నెలలో, ఏ పూట? కేకు ఎంత దూరం, దేంట్లో వెళ్లాలి? ఫ్రిజ్‌లోంచి తీశాక కత్తి పడేదాకా ఎంతసేపు బయట ఉంటుంది?

ఈ మూడు ప్రశ్నలకూ కఠినమైన జవాబులు దొరికే ఊరు జువ్వలదిన్నె. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో బంగాళాఖాతాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకార గ్రామం ఇది. ఈ మధ్య కట్టిన ఫిషింగ్ హార్బరుతో పేరు పత్రికలకెక్కింది. అక్కడి రిసెప్షన్‌కి మూడు స్టెప్పుల కేకు కావాలంటే కావలికో నెల్లూరుకో వెళ్లి చెప్పుకోవాలి. అంటే కేకు హైవే మీద కొంత దూరం వచ్చి, తూర్పుకు తిరిగి, సముద్రం దాకా ప్రయాణం చేయాలి. దారి మారేకొద్దీ గాలి మారుతుంది. గాలి మారేకొద్దీ కేకుకు ముప్పూ మారుతుంది.

పెళ్లిళ్ల కాలం కూడా కేకుకు అనుకూలం కాదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో పెళ్లి పెట్టుకోవడం చాలా క్రైస్తవ సంఘాల్లో ఆనవాయితీ కాదు. ఆ రోజులు దాటాక పెట్టుకుంటే ఏప్రిల్, మే నెలలు వస్తాయి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలూ ఆ ఎండల్లోనే పడతాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కాబట్టి, మరబోట్ల వాళ్లు ఇంటిపట్టున ఉండేదీ అప్పుడే. చుట్టాలందరికీ తీరిక దొరికే రోజులూ వెన్న నిలవని రోజులూ ఒకటే అవుతాయి.

మన పందిట్లోకి వచ్చిన దారి

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు శామ్యూల్ డే పునాది వేసింది 1840లో. అదే ఏడాది ఫిబ్రవరి 10న లండన్‌లో విక్టోరియా రాణి పెళ్లి జరిగింది. ఆ పెళ్లి కేకు బరువు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు. చుట్టుకొలత 3 గజాలు. గుడ్డు తెల్లసొన, చక్కెర పొడి కలిపి గిలక్కొట్టి పూసిన తెల్లటి గట్టి పూత దాని మీద ఉంది. తెల్ల చక్కెర అప్పట్లో ఖరీదైన సరుకు. పూత ఎంత తెల్లగా ఉంటే ఇంటివాళ్లకు అంత కలిమి ఉన్నట్టు లెక్క. ఈ రెండు సంఘటనలకూ సంబంధమేమీ లేదు. కానీ తర్వాతి కాలంలో మిషన్ బంగళాలు, కంటోన్మెంట్లు, రైల్వే కాలనీల ద్వారానే కేకు దక్షిణాది ఊళ్లలోకి నడిచొచ్చింది. జువ్వలదిన్నెకు దగ్గరి రైల్వే ఊరు బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల కాలంలో లోకో షెడ్డుతో పెరిగిన ఆ ఊళ్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. వాళ్లకు క్రిస్మస్ అంటే ప్లమ్ కేకే.

మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకును 1883లో కేరళలోని తలస్సేరిలో మాంబళ్లి బాపు తయారుచేశాడని చెబుతారు. మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర తెచ్చిన నమూనా చూసి ఆయన చేసిన కేకు అది. ఫ్రిజ్‌లు లేని ఆ రోజుల్లో సముద్రపు ఒడ్డు వాతావరణంలో అది పాడుకాలేదు. విక్టోరియా కేకు, బాపు కేకు రెండూ ఎండు పండ్లతో చేసినవే. నిలవ గుణం ఆ జాతి కేకుల్లోనే ఉంది. అదెలా వచ్చిందో కొంచెం ముందుకు వెళ్లాక చూద్దాం.

గట్టిపడిన నురుగు

పూత సంగతి అలా ఉంచితే, లోపలి స్పాంజి అంటే గట్టిపడిన నురుగు. గుడ్డునూ చక్కెరనూ గిలక్కొట్టినప్పుడు లక్షల గాలి బుడగలు చిక్కుకుంటాయి. ఓవెన్‌లో ఆ గాలి వ్యాకోచిస్తుంది. నీరు ఆవిరై బుడగల్ని ఇంకా ఉబ్బిస్తుంది. సుమారు 62 డిగ్రీల దగ్గర గుడ్డులోని ప్రోటీన్లు గడ్డకట్టడం మొదలవుతుంది. మైదాలోని పిండి పదార్థం నీరు పీల్చుకుని జిగురుగా మారుతుంది. చక్కెర ఎక్కువగా ఉంటే ఈ మార్పు ఆలస్యమై ఇంకా పై ఉష్ణోగ్రతకు జరుగుతుంది. కేకు పొంగడానికి కావలసిన వ్యవధి అలా దొరుకుతుంది. గోడలు గట్టిపడ్డాక బుడగలు పగిలినా కేకు కుంగదు. ముందే ఓవెన్ తలుపు తీస్తే నడుమ గుంట పడేది గోడలింకా పచ్చిగా ఉండబట్టే.

గుడ్డు లేకుండా ఈ పని ఎలా అవుతుందన్న ప్రశ్నకు బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఔషధ వ్యాపారి 1843లో జవాబు కనిపెట్టాడు. ఆయన భార్యకు గుడ్డూ పడదు, ఈస్టూ పడదు. ఆమె కోసం సోడా ఉప్పుకు పొడి ఆమ్లం జోడించి బేకింగ్ పౌడరు చేశాడు. తడి తగిలితే రెండూ కలిసి బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తాయి. పిండిని పొంగించేది ఆ వాయువే. మన బేకరీల్లో ఎగ్‌లెస్ కేకుకు పెరుగూ వంటసోడా వాడినా, కండెన్స్‌డ్ మిల్కూ బేకింగ్ పౌడరూ వాడినా సూత్రం ఒక్కటే. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం సోడాతో కలిసి గ్యాసు పుట్టిస్తుంది. గుడ్డు ఇచ్చే పట్టు మాత్రం ఇందులో తక్కువ. ముక్క పొడిపొడిగా రాలుతుంది, బరువు మోసే శక్తీ తగ్గుతుంది. గుడ్డు తినని చుట్టాల కోసం ఎగ్‌లెస్ తప్పనిసరైతే, దాన్ని కింది స్టెప్పుగా పెట్టి పైన ఇంకో రెండు పేర్చడం మంచి ఆలోచన కాదు. వాళ్ల కేకును విడిగా, ట్రేలో చేయించడం మేలు.

కావలి దగ్గర వెన్నకు ముప్పు

మే నెలలో కావలి, నెల్లూరు ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. పడమటి గాలి తోలితే గాలిలో తేమ పడిపోతుంది, ఎండ మాత్రం మాడుస్తుంది. ఆ దారిలో మొదట లొంగిపోయేది కొవ్వు.

బజార్లో దొరికే టేబుల్ బటర్‌లో కనీసం 80 శాతం పాలకొవ్వు ఉండాలన్నది మన ప్రమాణం. పాలకొవ్వు ఒకే రకం పదార్థం కాదు, రకరకాల కొవ్వుల కలగలుపు. అందుకే మంచుగడ్డలా ఒక్క డిగ్రీ దగ్గర కరిగిపోదు. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు గట్టిగా ఉండి, 20 డిగ్రీల దగ్గర మెత్తబడి, 30 దాటేసరికి చాలావరకు నూనెగా మారుతుంది. ఎండాకాలంలో మన వంటింట్లో నెయ్యి పేరుకోకుండా నూనెలా ఉండేది ఇందుకే. కేకు మీద బటర్‌క్రీము గులాబీకి ఆకారం ఇస్తున్నది ఆ కొవ్వులో గట్టిగా మిగిలిన స్ఫటికాలే. అవి పోతే గులాబీ వాలిపోతుంది, పూత కిందికి జారుతుంది. 2018 మే 19న విండ్సర్‌లో హ్యారీ, మేఘన్‌ల పెళ్లిలో బటర్‌క్రీము కేకే పెట్టారు. అక్కడి మే నెలకు అది సరిపోయింది. ఆ ఫొటో చూపించి అదే కేకు కావలిలో మే నెలకు చేయమంటే, బేకరీ ఆయన ఒప్పుకున్నా భౌతికశాస్త్రం ఒప్పుకోదు.

ఈ చిక్కు మన బేకరీలకు కొత్త కాదు. పాతరోజుల్లో వెన్నకు బదులు డాల్డా వాడేవాళ్లు. ద్రవ నూనెలోకి హైడ్రోజన్ పంపి గట్టిపరిచే పద్ధతికి 1902లో జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ పేటెంట్ పొందాడు. డాల్డా మన మార్కెట్‌లోకి 1937లో వచ్చింది. వెన్న కన్నా ఎక్కువ వేడికి నిలిచేది కాబట్టి పువ్వులు చెక్కుచెదరకుండా ఉండేవి. దాని మూల్యం వేరే రూపంలో చెల్లించాం. నూనెను సగం సగం హైడ్రోజనీకరిస్తే ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. అవి గుండె రక్తనాళాలకు చేటు. అందుకే 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో, వాటితో చేసిన ఆహారంలో పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించకూడదని నియమం వచ్చింది.

మన ఊళ్లలో ఇప్పుడు కూల్ కేకు అని అమ్మేదాని మీద తెల్లటి క్రీము చాలాచోట్ల పాలక్రీము కాదు. 1945లో అమెరికాలోని బఫెలోలో రాబర్ట్ రిచ్ సోయా నుంచి మొదట తయారుచేసిన కృత్రిమ క్రీముకు ఇది వారసురాలు. ఇప్పుడు ఎక్కువగా పామ్ గింజల నూనెను హైడ్రోజనీకరించి దీన్ని చేస్తారు. పూర్తిగా హైడ్రోజనీకరించిన కొవ్వులో ట్రాన్స్ రకం దాదాపు ఉండదు గానీ సంతృప్త కొవ్వు మాత్రం మెండు. గిలక్కొట్టిన పాలక్రీములో బుడగల్ని పట్టి ఉంచేది చల్లటి కొవ్వు రేణువుల గొలుసు. అది పది డిగ్రీల లోపే బాగా కుదురుతుంది, కాస్త వేడెక్కితే కూలుతుంది. కృత్రిమ క్రీము దానికన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. అలాగని మే నెల మధ్యాహ్నాన్ని గెలవలేదు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, డార్క్ చాక్లెట్ ఎక్కువ మోతాదులో వేసి చిక్కగా చేసిన గనాష్ పూత బటర్‌క్రీము కన్నా మొండిది. ఏసీ హాల్లో గానీ సాయంత్రం పూట గానీ అది నిలుస్తుంది.

జువ్వలదిన్నె దగ్గర చక్కెరకు ముప్పు

హైవే దిగి తూర్పుకు వెళ్లేకొద్దీ ఎండ కొంత తగ్గినట్టు అనిపిస్తుంది. మధ్యాహ్నం వేళకు సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. మే నెలలో బంగాళాఖాతం ఉపరితలం సుమారు 30 డిగ్రీలు ఉంటుంది. దాని మీదుగా వచ్చే గాలి 40 డిగ్రీల వేడి తేదు. తేమను మాత్రం నిండుగా తెస్తుంది. ఇక్కడ వెన్నకు కాస్త ఊరట, చక్కెరకు కష్టకాలం.

ఈ తీరంలో ఉప్పు కొఠార్లు ఎరిగినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. స్వచ్ఛమైన ఉప్పు 75 శాతం తేమ దాటిన గాలిలో నీరు పీల్చుకుని చెమరుస్తుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అంతకన్నా ముందే తడుస్తుంది. పంచదారకు ఆ హద్దు 85 శాతం దగ్గర ఉంది. ఫాండెంట్ అనే సాగే చక్కెర పూతలో పంచదార ఒక్కటే ఉంటే కొంత నయం. మెత్తగా సాగడానికి అందులో గ్లూకోజ్ సిరప్, గ్లిసరిన్ కలుపుతారు. రెండూ తేమను లాక్కునేవే. అందుకే సముద్రం ఒడ్డున షామియానా కింద ఫాండెంట్ జిగటగా మారుతుంది, చక్కెర పూలు తలలు వాలుస్తాయి, ఎర్ర రంగు తెల్ల పూతలోకి కారుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టి తెస్తే ఈ బాధ తప్పుతుందని చాలామంది అనుకుంటారు. ఫాండెంట్ విషయంలో తప్పదు సరికదా పెరుగుతుంది. 32 డిగ్రీల గాలిలో 75 శాతం తేమ ఉందనుకుందాం. ఆ గాలి 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు వదిలేస్తుంది. దీన్నే మంచు బిందు ఉష్ణోగ్రత అంటాం. 4 డిగ్రీల ఫ్రిజ్‌లోంచి తీసిన కేకు ఆ గాలిలోకి రాగానే ఒళ్లంతా చెమటలు పడుతుంది. కేకు ఉపరితలం 27 డిగ్రీలకు వేడెక్కేదాకా ఆ చెమట ఆగదు. క్రీము కేకు అయితే ఆ తడిని కొంత భరిస్తుంది. ఫాండెంట్ భరించలేదు. పెట్టె మూత తీయకుండా, లోపలి కేకు నెమ్మదిగా బయటి వేడికి చేరేదాకా ఆగితే, నీరు పెట్టె మీద పడుతుంది, కేకు మీద పడదు.

రొయ్యల చెరువుల మీద తెల్లవారుజామున పొగమంచు కమ్మే చలికాలంలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లోనూ వెన్నకు భయం లేదు. తేమ మాత్రం అలాగే ఉంటుంది. జనవరి చివరా ఫిబ్రవరీ కేకుకు మంచి రోజులు.

చూపుకు బాగున్నా కడుపుకు బాగోకపోవచ్చు

వేడి, తేమ చేసే నష్టం కంటికి కనిపిస్తుంది. మూడో ముప్పు కనిపించదు. మన చర్మం మీద, ముక్కులో మామూలుగానే ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా పూత పూసేవాళ్ల చేతుల నుంచి క్రీములోకి చేరవచ్చు. వెచ్చదనం, తడి, పాలు దొరికితే గంటల్లో పెరిగి విషం వదులుతుంది. ఆ విషం రంగు మార్చదు, వాసన రానివ్వదు. మళ్లీ వేడిచేసినా పూర్తిగా విరగదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. పెళ్లి భోజనం వికటించిందని వంటవాళ్లను తిట్టే సందర్భాల్లో ఒక్కోసారి క్రీము వైపు కూడా చూడాల్సి ఉంటుంది.

వండిన ఆహారాన్ని గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గాలి 32 డిగ్రీలు దాటితే ఆ వ్యవధి ఒక్క గంటేనని అమెరికా వ్యవసాయ శాఖ మార్గదర్శకం. మన పెళ్లిళ్లలో కేకు ఎంతసేపు బయట ఉంటుందో లెక్కేసి చూడండి. ఏడింటికని కార్డులో వేసిన రిసెప్షన్ ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. ప్రార్థన, ప్రసంగాలు, ఫొటోలు అయ్యేసరికి తొమ్మిదిన్నర. కేకు మాత్రం ఆరున్నరకే స్టేజీ ఎక్కి కూర్చుంటుంది.

ఎండు పండ్ల కేకు ఈ పరీక్షలో నెగ్గుతుంది. అందులో నీరు లేక కాదు, ఉన్న నీరు చక్కెరకూ ఎండు ద్రాక్షకూ కట్టుబడి ఉండటం వల్ల. సూక్ష్మజీవులకు అందుబాటులో ఉన్న నీటిని సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న కొలమానంతో కొలుస్తారు. దాన్ని జలక్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి అది 1. చాలా బాక్టీరియాలు 0.91 కన్నా కింద పెరగలేవు. మొండిదైన స్టెఫైలోకాకస్ కూడా 0.86 దగ్గర ఆగిపోతుంది. బాగా ముదిరిన ప్లమ్ కేకులో ఆ విలువ అంతకన్నా తక్కువే. రమ్ముగానీ బ్రాందీగానీ పోస్తే బూజుకూ కళ్లెం పడుతుంది. 1981లో ఛార్లెస్, డయానాల పెళ్లిలోని ఒక పండ్ల కేకు పైపూత ముక్క 40 ఏళ్ల తర్వాత 2021లో వేలంలో 1,850 పౌండ్లకు అమ్ముడైంది. దాన్ని తినమని ఎవరూ చెప్పరు. ముక్క ముక్కలాగే మిగిలి ఉండటమే ఇక్కడ గమనించాల్సింది.

బటర్‌క్రీములోనూ చక్కెర ఎక్కువ, నీరు తక్కువ. అందువల్ల సూక్ష్మజీవుల నుంచి కూల్ కేకు కన్నా దానికి రక్షణ ఎక్కువ. కానీ కరిగిపోతుంది. కూల్ కేకు కాస్త ఆకారం నిలుపుకుంటుంది, త్వరగా పాడవుతుంది. అన్నిటికీ నిలిచే పూత ఏదీ లేదు. ఏ ముప్పును ఎవరు కాస్తారో తేల్చుకోవడమే ఎంపిక.

ఐసు లెక్క

చేపను ఎండలో కాపాడటం జువ్వలదిన్నెలో అందరికీ తెలిసిన విద్య. థర్మాకోల్ పెట్టె, నలగ్గొట్టిన ఐసు, బిగించిన మూత. కేకుకూ ఆ విద్యే పనికొస్తుంది, పెట్టె మాత్రం కొత్తది కావాలి. చేప వాసన కలిగించే పదార్థాలు గాలిలో తేలుతూ వచ్చి వెన్నలో, క్రీములో తేలిగ్గా చేరిపోతాయి.

ఎంత ఐసు కావాలో లెక్క వేయవచ్చు. పొడవు, వెడల్పు, ఎత్తు అరమీటరు చొప్పున ఉన్న పెట్టె తీసుకుందాం. గోడ మందం రెండున్నర సెంటీమీటర్లు. దాని ఆరు ముఖాల వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు. బయట 35 డిగ్రీలు, లోపల 5 డిగ్రీలు అనుకుంటే తేడా 30. థర్మాకోల్ ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 0.035 వాట్ల దగ్గర ఉంటుంది. వీటిని గుణించి మందంతో భాగిస్తే గోడల్లోంచి లోపలికి వచ్చే వేడి 63 వాట్లు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. ఆ లెక్కన గంటకు సుమారు 680 గ్రాముల ఐసు కరుగుతుంది. రెండు గంటల ప్రయాణానికి కిలోన్నర. మూత సందులు, మధ్యలో తెరిచి చూడటం కలుపుకుని మూడు కిలోలు పెట్టుకుంటే దిగులు లేదు. ఐసును బిగుతుగా మూసిన కవర్లలో పెట్టి, కేకు అట్టకు తడి తగలకుండా చూడాలి. జెల్ ప్యాకులైతే ఇంకా మంచిది.

కేకును కారు సీటు మీద పెట్టకూడదు. సీటు వెనక్కు వాలి ఉంటుంది, బ్రేకు పడితే కేకు జారుతుంది. చదునుగా ఉన్న కింది భాగమే సరైన చోటు. స్టెప్పులు విడివిడిగా తెచ్చి పందిట్లో పేర్చుకోవాలి. ఎండలో ఆగిన కారులో వేడి అరగంటలోనే 50 డిగ్రీలు దాటగలదు కాబట్టి, దారిలో టీ తాగడానికి దిగేవాళ్లు ఏసీ ఆపకూడదు.

స్టెప్పుల లెక్క, డమ్మీ మర్యాద

ఆరు, ఎనిమిది, పది అంగుళాల వ్యాసాలతో మూడు స్టెప్పుల కేకు చేయించారనుకోండి. చూడటానికి భారీగా ఉంటుంది. నాలుగంగుళాల ఎత్తు ఉన్న స్టెప్పుల్ని ఒకటి బై రెండు అంగుళాల ముక్కలుగా కోస్తే పైదానిలో 14, నడిమిదానిలో 25, కిందిదానిలో 39 వస్తాయి. మొత్తం 78. వృత్తం వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే పది అంగుళాల కేకు ఒక్కటే పై రెండిటి మొత్తానికి సమానం. అందరికీ ముక్క అందాలంటే స్టెప్పు కలపడం కన్నా వెడల్పు పెంచడం చవక. ఆరువందల మంది వచ్చే పెళ్లికి స్టెప్పుల కేకు ఎంత పెంచినా చాలదు. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ట్రే కేకు, రెండంగుళాల ఎత్తుది, రెండేసి అంగుళాల ముక్కలకు 54 ఇస్తుంది. అలాంటి ట్రేలు పన్నెండుంటే ఆరువందల మందికీ సరిపోతుంది.

ఎత్తు కావాలంటే బరువు సంగతి చూడాలి. స్పాంజి బుడగల గోడలు పలచన, ఇంకో కేకు బరువు మోయలేవు. అందుకే కింది స్టెప్పులో పుల్లలో, గొట్టాలో నిలువుగా దించి, వాటి మీద అట్ట పెట్టి, పై స్టెప్పును ఆ అట్ట మీద నిలుపుతారు. బరువంతా పుల్లల్లోంచి కింది పీటకు దిగిపోతుంది. ఏ పుల్ల పొట్టిగా ఉంటే కేకు ఆ వైపుకు ఒరుగుతుంది.

ఈ తిప్పలన్నీ తప్పించే ఉపాయం థర్మాకోల్ డమ్మీ. లోపల థర్మాకోల్, పైన పూత, పై స్టెప్పు ఒక్కటే నిజమైన కేకు. చాలామంది దీన్ని మోసంగా, చిన్నతనంగా చూస్తారు. చరిత్ర చూస్తే ఆ బిడియం అక్కర్లేదు. 1858లో విక్టోరియా పెద్ద కూతురి పెళ్లి కేకులో పై అంతస్తులు ఉత్త చక్కెరవే. అన్ని అంతస్తులూ నిజమైన కేకుతో రాజవంశపు పెళ్లి కేకు వచ్చింది 1882లో, ఆమె తమ్ముడు లియోపోల్డ్ పెళ్లికి. రెండో ప్రపంచయుద్ధంలో 1940 నుంచి బ్రిటన్‌లో కేకు మీద చక్కెర పూత పూయడాన్నే నిషేధించారు. అప్పుడు అట్టతోనో ప్లాస్టర్‌తోనో చేసిన తెల్లటి గుల్ల కింద చిన్న కేకు దాచి పెళ్లి జరిపించారు. గుల్లను అద్దెకిచ్చేవాళ్లు కూడా ఉండేవారు.

పైన పెట్టేవి

అలంకారానికి పెరట్లోంచి కోసి తెచ్చిన పూలు వాడేముందు ఒక్క మాట. గన్నేరు చెట్టులో ప్రతి భాగమూ విషమే, గుండె మీద పనిచేస్తుంది. నందివర్ధనం పాలు కూడా తినదగ్గవి కావు. తోటల్లో మందు కొట్టిన గులాబీలు క్రీముకు తగలకూడదు. మెరిసే బంగారు పొడిలో కొన్ని రకాలు అలంకారానికి మాత్రమే చేసినవి. వాటిలో రాగి, సీసం లాంటి లోహాలుండి పిల్లలు జబ్బుపడిన ఘటనల్ని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో ప్రకటించింది. డబ్బా మీద విషం కాదని రాసి ఉంటే చాలదు, తినదగినదని రాసి ఉండాలి. ఇక నిప్పులు చిమ్మే కొవ్వొత్తి వెలిగించినప్పుడు నురగ స్ప్రే కొట్టడం ప్రమాదం. చాలా స్ప్రేల్లో తోసే వాయువు మండే గుణమున్న గ్యాసే. పెళ్లికూతురి చీరకు అంటుకోవడానికి క్షణం చాలు.

ఏది ఎంచుకోవాలి

ఈ అధ్యాయం తేల్చే మాట ఇది. జువ్వలదిన్నెలో గానీ, ఈ తీరంలో ఏ ఊళ్లోనైనా గానీ, కోసే కేకు వేరు, పంచే కేకు వేరు అనుకుంటే చిక్కుల్లో చాలావరకు విడిపోతాయి. కోసే కేకుకు కింద రెండు స్టెప్పులు డమ్మీ పెట్టించండి. పైన ఒక్క కిలో నిజమైన కేకు, ఏసీ లేకపోతే గనాష్ పూతతో. దాన్ని ప్రార్థన ముగిశాకే పెట్టెలోంచి తీయించండి. పంచే కేకు ఎండాకాలమైతే ప్లమ్ కేకో పూత లేని స్పాంజో చేయించి, ముందురోజే ముక్కలు కోసి, కాగితాల్లో చుట్టి ఉంచండి. 40 గ్రాముల ముక్క చొప్పున ఆరువందల మందికి 24 కిలోలు చాలు. చలికాలపు సాయంత్రమైతే క్రీము ట్రేలు పెట్టుకోవచ్చు, ఐసు పెట్టెల్లోంచి వడ్డించే వేళకే తీస్తామంటేనే. ఫాండెంట్ మీద మనసు పడితే ఏసీ హాలు చూసుకోండి, లేదంటే దాన్ని డమ్మీ స్టెప్పులకే పరిమితం చేయండి. బయట గంట దాటిన క్రీము ముక్కను పసిపిల్లలకూ, గర్భిణులకూ, వృద్ధులకూ పెట్టకండి.

బేకరీలో ఫొటో చూసి ముచ్చటపడటంలో తప్పులేదు. అడ్వాన్సు ఇచ్చే ముందు మాత్రం నెల, పూట, దారి, ఎదురుచూపు అన్నీ చెప్పి, ఈ కేకు అంతసేపు నిలుస్తుందా అని నోరు తెరిచి అడగండి. పని తెలిసిన బేకరీవాళ్లు ఆ ప్రశ్న విని సంతోషిస్తారు. జవాబు దాటవేస్తే ఇంకో బేకరీ చూసుకోండి.